సాలెగూడూ, తెగిన వేలూ

తెలుగులో సాలెపురుగుకు ఆ పేరు పెట్టినవారు ఎవరో గాని మంచి చూపు గలవారు. సంస్కృతం చదువుకున్నవారు దానిని ఊర్ణనాభమన్నారు, అనగా బొడ్డున ఉన్ని గలది అని. మన ఇరుగుపొరుగు మరాఠీవారు కోళీ అంటారు; సముద్రంలో వల వేసే కోళీలనూ ఆ మాటతోనే పిలుస్తారు. వారి కంటికి అది వల పన్నే జాలరి. మనవారి కంటికి మాత్రం సాలె, నేతగాడు. పడుగు పోసి, పేక తిప్పి, కండె లేకుండా, నాడె లేకుండా, తన ఒంటిలోని నూలుతోనే రాత్రికి రాత్రి గుడ్డ దించే నేతగాడు. మూడు నాలుగు తరాలుగా మగ్గం మీదా, మిల్లు సాంచా మీదా బ్రతికిన కుటుంబాలు మన నాగ్‌పాడా, కామాటిపుర గల్లీలలో ఎన్నో ఉన్నవి గనుక, ఈ పేరు చూసి మనం కాస్త గర్వపడినా తప్పు లేదు.

ఆ నేతగాని గుడ్డ గాయానికి కట్టవచ్చునా అన్నది ఈ నెల మేము ఎత్తుకున్న సంగతి.

పాతకాలపు చాళ్ళలో పెరిగినవారికి ఇది కొత్త మాట కాదు. కత్తిపీట మీద కూర తరుగుతూ వేలు కోసుకున్నా, తునికాకు కత్తిరిస్తూ కత్తెర జారినా, ఆ గదిలో ఉన్న పెద్ద ముసలమ్మ ముందుగా చూసేది గోడ వైపే. "అట్లనే గట్టిగ పట్టుకో బిడ్డా, కదలకు, గిప్పుడే తెస్త" అని లేచి, తలుపు వెనకనో, చెక్క మెట్ల క్రిందనో వెదికి, గోడకు రూపాయి బిళ్ళంత తెల్లగా, పల్చని కాగితం పొరలా అంటుకొని ఉండే గూటిని గోటితో మెల్లగా ఊడదీసేది. లోపల గుడ్లో, పిల్లలో ఉంటే దులిపేసేది. ఆ పొరను తెగినచోట పరచి, పైన తన బొటనవ్రేలు పెట్టి నొక్కి పట్టేది. నొక్కి పట్టినంత సేపూ ఊరి కథ ఒకటి చెప్పేది. కథ పూర్తి అయ్యేసరికి నెత్తురు కట్టేది. పిల్లవాడు ఏడుపు మరచిపోయేవాడు.

పొయ్యి పైన వేలాడే మసి బూజును ఆమె ముట్టేది కాదు. ఈ భేదం చదువరులు గుర్తు పెట్టుకోవలెనని కోరుతున్నాము, ఎందుకంటే తరువాతి తరం వారు సగం విద్యనే నేర్చి, చేతికి అందిన బూజునల్లా గాయంలో కూరడం మేము ఎరుగుదుము. బూజు వేరు, సాలెగూడు వేరు. తెలుగులో రెండు మాటలు ఉన్నది ఊరకనే కాదు. సాలెపురుగు విడిచిపెట్టిన గూటికి దుమ్మూ, మసీ, ఎగిరిపడిన ఈగల రెక్కలూ పట్టి నల్లబడితే అది బూజు. రొట్టెకు పట్టే బూజు వేరే వస్తువు, అది ఒక విధమైన శిలీంధ్రం; పేరు ఒకటే కావడం వల్ల కొందరు రెండింటినీ కలిపి, బూజులోనే పెన్సిలిన్ ఉన్నదని చెబుతూ ఉంటారు. గోడ మూలన వేలాడే బూజులో పెన్సిలిన్ లేదు.

మనవారికి ఈ చిట్కా అంత చేరువ కావడానికి కారణం వారి బ్రతుకే. కామాఠీలని పేరు పడిన తెలుగు కూలీలు నిజాం ఏలుబడిలోని తెలుగు సీమల నుండి 18వ శతాబ్దపు చివరి రోజులలోనే బొంబాయి చేరనారంభించారు. పల్లపు నేలలు పూడ్చడం, రాయి కొట్టడం, గమేళాలు మోయడం వారి పని. వారి పేరనే కామాటిపుర వెలసింది. ఉలి దెబ్బ, సుత్తి దెబ్బ, కాలిలో దిగిన మేకు, ఇవి ఆ పనిలో రోజూ ఉండేవే. సర్ జంషెడ్జీ జీజీభాయి ఆస్పత్రి మన ప్రక్కన బైకల్లాలో తెరచినది 1845లో. అంతకు ముందు గాయపడిన కూలీకి దిక్కు ఇంటి ముసలమ్మ, ఊరి నుండి వెంట తెచ్చుకున్న తెలివి. ఆస్పత్రి తెరచిన తరువాత కూడా ఒక పూట కూలి పోగొట్టుకొని వేలికి కట్టు కట్టించుకోవడానికి వెళ్ళేవారు ఎందరు? మిల్లుల కాలంలోనూ అంతే. సాంచా నాడె తగిలి చెయ్యి చిట్లితే అక్కడే గుడ్డపీలిక చుట్టి షిఫ్టు ముగించినవారు ఉన్నారు. 1982 సమ్మె తరువాత ఆ మిల్లులు ఒక్కొక్కటే మూతపడినవి. మనవారిలో కొందరు భివండీ సాంచాలకు మళ్ళారు. చిట్కాలు మాత్రం ఎక్కడివారితో అక్కడికి పోయినవి.

సాలెగూడు ఒక్కటే కాదు. పసుపు, సున్నం, కాఫీపొడి, పళ్ళపొడి, బీడీ కట్టే ఇండ్లలో నలిపిన పొగాకు, ఊళ్ళో అయితే గాయపాకు పసరు. ఈ గాయపాకు చూడబోతే మన దేశపు మొక్కే కాదు. అమెరికా ఖండపు ఉష్ణసీమల నుండి వచ్చి మన గట్ల మీద స్థిరపడినది. వచ్చిన కొద్ది కాలానికే దాని గుణం కనిపెట్టి గాయపాకని పేరు పెట్టుకున్నారంటే మన పల్లెవారి పరిశీలన ఎట్లాంటిదో తెలుస్తుంది.

ఇదంతా మన దేశపు అమాయకత్వమని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రెండువేల ఏళ్ళ నాడు రోమునగరంలో ప్లినీ అనే ఆయన తన ప్రకృతి చరిత్రలో, మంగలి కత్తి గాటుకు సాలెగూడును వేయవచ్చునని వ్రాశాడు. షేక్స్పియరు నాటకం 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లో సాలెగూడు పేరుగల ఒక చిన్న దేవకన్య వంటి పాత్ర ఉన్నది. బాటమ్ అనే నేతగాడు దానితో, నా వేలు తెగితే నీ దగ్గరకే వస్తానన్న అర్థంలో పరిహాసమాడతాడు. అక్కడా నేతగాడే! ఆ పరిహాసానికి లండను జనం నవ్వారంటే, చిట్కా వారి ఇండ్లలోనూ ఉండి ఉండాలి గదా.

మన సుశ్రుతుని మాట వేరు. వ్రణానికి కట్టు కట్టే విధానం చెబుతూ ఆయన నార బట్ట, నూలు బట్ట, ఉన్ని, పట్టు మొదలైనవన్నీ ఏకరువు పెట్టాడు. సాలెపురుగు ఊసు మాత్రం కల్పస్థానంలో, విషజంతువుల ప్రకరణంలో ఎత్తాడు. లూత అని పేరు పెట్టి పదహారు రకాలు చెప్పాడు. మన ఇండ్లలోనూ ఈ రెండు భావాలూ ప్రక్కప్రక్కనే కాపురం చేస్తున్నవి: సాలెపురుగు ఒంటి మీద ప్రాకితే పొక్కులు లేస్తాయని భయం, దాని గూడు గాయానికి మందు అని నమ్మకం. నడుము చుట్టూ బారులు తీరే ఆ పొక్కులు చాలాసార్లు సర్పి అనే వేరే జబ్బు. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిన క్రిమి నరంలో దాగి ఉండి మళ్ళీ లేవడం వల్ల వచ్చేది. పాపం, సాలెపురుగుకు దానితో సంబంధం లేదు.

సరే, ఇంతకూ సాలెగూడు పెడితే నెత్తురు ఎందుకు ఆగుతుంది?

వేలు తెగినప్పుడు మన ఒంటిలో ఏమి జరుగుతుందో ముందు చూడాలి. నెత్తురులో రక్త ఫలకికలని అతి చిన్న కణాలు ఉంటవి. తెగినచోటికి అవి పరుగెత్తి వచ్చి ఒకదానికొకటి అంటుకొని అడ్డుకట్ట వేస్తవి. ఆ వెంటనే రక్తంలో కరిగి ఉన్న ఫైబ్రినోజన్ అనే మాంసకృత్తు సన్నని పోగులుగా మారుతుంది. ఆ పోగులకు ఫైబ్రిన్ అని పేరు. సూక్ష్మదర్శిని క్రింద చూస్తే అడ్డదిడ్డంగా అల్లిన వల, అందులో చిక్కుకున్న ఎర్రకణాలు కనిపిస్తవి. అనగా మన నెత్తురే ఒక సాలెగూడును నేసుకుంటుందన్నమాట. పెచ్చు కట్టడమంటే ఇదే.

ఇక బయటి నుండి మనం పెట్టే సాలెగూడు ఏమి చేస్తుందంటే, ఆ వలకు ఒక పడుగు సిద్ధం చేసి ఇస్తుంది. సాలెపురుగు పోగు కూడా మాంసకృత్తే. పెద్ద సాలెపురుగు వ్రేలాడే దారం కూడా మన తలవెంట్రుక మందంలో పదోవంతు మాత్రం ఉంటుంది. అంత సన్నని పోగులు కొన్ని వేలు ఒక బిళ్ళలో ఉంటే, నెత్తురుకు అంటుకునేందుకు ఎంత చోటు దొరుకుతుందో నూలు ఎరిగిన వారికి చెప్పనక్కరలేదు. కొత్త వస్తువు తగిలితే నెత్తురు త్వరగా గడ్డకట్టడం దాని స్వభావం. దూది పెట్టినా, గాజుగుడ్డ పెట్టినా జరిగేది అదే. సాలెగూడు ఇంకా సన్ననిది, సాగేది, చర్మం కదిలినా ఊడిరానిది.

కాని న్యాయంగా చెప్పాలంటే, ఆ పనిలో సగానికి పైగా కీర్తి ముసలమ్మ బొటనవ్రేలికి చెందాలి. చిన్న గాటు దేనినైనా శుభ్రమైన గుడ్డతో అయిదు పది నిమిషాలు ఎత్తకుండా నొక్కి పట్టితే ఆగిపోతుంది. మధ్యమధ్య ఎత్తి చూడడమే మనం చేసే చెడ్డపని. కథ చెబుతూ నొక్కి పట్టడంలో ఆ ముసలమ్మ చూపిన నేర్పు, ఏ సాలెగూటికీ తక్కువది కాదని మా అభిప్రాయం.

ఈ మధ్య చేతి ఫోనులలో తిరిగే మాట ఒకటి ఉన్నది, సాలెగూడు నిండా విటమిన్ కె ఉన్నదనీ, అందుకే నెత్తురు ఆగుతుందనీ. చదువుకున్నవారే దీనిని పదిమందికి పంపుతున్నారు. విటమిన్ కె సంగతి కనిపెట్టినది డెన్మార్కు దేశపు హెన్రిక్ డామ్. కొవ్వు తీసివేసిన మేత పెట్టిన కోడిపిల్లలు లోలోపల నెత్తురు కారి చనిపోవడం చూసి, గడ్డకట్టడానికి అవసరమైన పదార్థమేదో మేతలో లోపించిందని ఆయన ఊహించాడు. గడ్డకట్టడమనే మాటకు ఆ భాషలో మొదటి అక్షరం కె కాబట్టి ఆ పేరు. 1943 సంవత్సరపు నోబెల్ బహుమానం ఆయనకూ, ఎడ్వర్డ్ డాయిసీకీ కలిపి ఇచ్చారు. అయితే ఆ విటమిను పని చేసేది గాయం దగ్గర కాదు, కాలేయంలో. తిన్న ఆకుకూరలలోని కె సహాయంతో కాలేయం కొన్ని మాంసకృత్తులను తయారు చేసి రక్తంలో ముందే ఉంచుతుంది. తెగిన తరువాత వేలి మీద కె రుద్దినందువల్ల ఆ క్షణాన ఏమీ ఒనగూడదు. తోటకూర తింటే ఒనగూడుతుంది. సాలెగూటిలో అది నిండుగా ఉన్నదన్న మాటకు ఆధారమే లేదు.

రెండవ మాట ఇంకొంచెం లోతైనది. సాలెగూడుకు కుళ్ళు పట్టదు, కాబట్టి అందులో సూక్ష్మజీవులను చంపే గుణం ఉండాలి అన్నది. ఇది ఆలోచించదగినదే. 2012లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వారు ఇండ్లలో ఉండే ఒక సాలెపురుగు దారాన్ని పరీక్షించి, కొంత గుణం కనిపించిందని ప్రకటించారు. ఇంకా కొందరు ఇట్లాగే చెప్పారు. 2021లో డెన్మార్కులో ఆర్‌హూస్ విశ్వవిద్యాలయం వారు ఏడు జాతుల సాలెపురుగుల దారాలు తీసుకొని, మరింత జాగ్రత్తగా ప్రయోగం చేయగా, సూక్ష్మజీవులను చంపే గుణం ఎందులోనూ కనిపించలేదు. మునుపటి ప్రయోగాలలో దారం నుండి సారం తీయడానికి వాడిన ద్రావకమే సూక్ష్మజీవులను చంపి ఉండవచ్చునని వారు ఎత్తి చూపారు. గూడు కుళ్ళకపోవడానికి కారణం మరొకటి ఉండవచ్చును. ఎండిన ఆ పోగులో సూక్ష్మజీవులకు సులభంగా తిండి దొరకకపోవడమే చాలు. మందు పులిమినందుకు కాదు, మూత బిగించినందుకు పాడుకాని ఊరగాయ వంటిది అనుకోండి. ఈ తగవు ఇంతటితో తీరిందని మేము అనము గాని, త్రాసు ఇప్పుడు రెండవ ప్రక్కకే మొగ్గి ఉన్నది.

అసలు ప్రమాదం దారంలో లేదు. దారానికి పట్టిన దుమ్ములో ఉన్నది.

ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి మట్టిలోనూ, పేడలోనూ, వీధి దుమ్ములోనూ గట్టి పెంకు కట్టుకొని ఏళ్ళ తరబడి నిద్రపోగలదు. గాలి తగలని లోతైన గాయం దొరికితే లేచి విషం పుట్టిస్తుంది. దవడలు బిగుసుకొనడం, నడుము విల్లులా వంగడం, అందుకే మన వైద్యులు దానికి ధనుర్వాతమని పేరు పెట్టారు. ఎంత కొద్ది దుమ్ము చాలునో చెప్పడానికి మన పరేలు ప్రయోగశాల చరిత్రలోనే ఒక విషాద కథ ఉన్నది. 1896లో బొంబాయిలో మహామారి పుట్టినప్పుడు హాఫ్‌కిన్ పండితుడు టీకా తయారు చేశాడు. 1902 అక్టోబరులో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో ఆ టీకా వేయించుకున్నవారిలో 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. ఆ 19 మందికీ మందు ఒకే సీసాలో నుండి ఇచ్చారు. నేరం ఆయన నెత్తిన పడి ఉద్యోగం పోయింది. సీసా తెరచేటప్పుడు నేల మీద పడిన పటకారును సరిగా శుద్ధి చేయకుండా వాడినందువల్లనే అది జరిగిందని తరువాత వైద్యులు, శాస్త్రజ్ఞులు వాదించి, 1907 నాటికి ఆయన మీది మచ్చ తుడిపించారు. 1925లో ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. నేలను తాకిన ఒక్క పటకారు! మరి మన చాల్ మెట్ల క్రింది బూజు ఎన్నేళ్ళ దుమ్ము మోస్తున్నదో ఆలోచించండి.

పురిటి గదులలో బిడ్డ బొడ్డుకు బూడిద, పేడ అద్దే ఆచారం ఎన్ని ప్రాణాలు తీసిందో ఈ తరం వారికి తెలియదు, తెలియకపోవడం అదృష్టమే. తల్లులకు టీకాలు వేయడం వల్లా, పురుళ్ళు ఆస్పత్రులకు మారడం వల్లా, బాలింతలకు, పసికందులకు వచ్చే ధనుర్వాతం మన దేశంలో అదుపులోనికి వచ్చి, నిర్మూలన అయినట్లు 2015లో ధృవీకరణ అయినది.

ధనుర్వాతం ఒక్కటే అయితే టీకాతో తప్పించుకోవచ్చును. ఇప్పుడు మన కుటుంబాలలో అంతకన్నా ఎక్కువగా కనిపిస్తున్నది చక్కెర జబ్బు. మాకు తెలిసిన ఒక పెద్దాయన, జీవితమంతా మిల్లులో నిలబడి పనిచేసిన మనిషి, చెప్పు కరచి కాలి బొటనవ్రేలికి చిన్న పుండు పడితే పిల్లలతో చెప్పలేదు. చక్కెర జబ్బు వల్ల కాలిలో స్పర్శ తగ్గి ఉండడం చేత నొప్పి తెలియలేదు. ఊరి అలవాటు ప్రకారం సాలెగూడూ పసుపూ పెట్టి గుడ్డ చుట్టుకున్నారు. పైన పెచ్చు కట్టింది, మానిందనుకున్నారు. మూడు వారాలకు పాదం వాచి జ్వరం వచ్చిన తరువాత గాని ఆస్పత్రికి పోలేదు. వ్రేలు తీసివేయవలసి వచ్చింది. "మా నాయన కాలానికి ఇదే మందు, ఆయనకు ఏం కాలే" అని ఆయన ఇప్పటికీ అంటూ ఉంటారు. నిజమే. ఆయన నాయనగారికి చక్కెర జబ్బు లేదు. రాయి కొట్టి, జొన్నరొట్టె తిన్న ఆ మనిషి గాయమూ, కూర్చున్నచోటి నుండి లేవని మన గాయమూ ఒకటి కాదు. చిట్కా మారలేదు, ఒళ్ళు మారింది.

ఇట్లా అన్నందువల్ల సాలెపురుగును మేము తోసివేస్తున్నామని అనుకోవద్దు. పెద్ద పెద్ద ప్రయోగశాలలే దాని వెంట పడుతున్నవి. జర్మనీలో హానోవర్ వైద్య కళాశాలవారు పెద్ద సాలెపురుగుల నుండి దారం లాగి, దానితో తెగిన నరాలను కలిపే ప్రయత్నం చేశారు. నరం తెగి నడుమ ఎడం పడితే, పందిరి లేని పాదులాగా దారి తెలియక ఆగిపోతుంది. నాళంలోపల సాలెపురుగు దారాలు పరచి ఉంచితే కణాలు వాటిని పట్టుకొని ప్రాకుతవి. గొర్రెల కాలి నరంలో 6 సెంటీమీటర్ల ఎడాన్ని ఇట్లా పూడ్చగలిగినట్లు 2011లో వారు ప్రకటించారు. ఆ సంవత్సరమే అక్కడివారు చిన్న ఉక్కు చట్రాల మీద దారం అల్లి, దాని మీద చర్మకణాలను పెంచి, రెండు పొరల చర్మం వంటి దానిని తీశారు. చట్రం మీద నేత, దాని మీద చర్మం! మన మగ్గం మనిషికి ఇంతకన్నా అర్థమయ్యే శాస్త్రం ఉండదు. మన ఒళ్ళు ఆ దారాన్ని పరాయిదిగా ఎంచి పెద్దగా తిరగబడదు, కొంత కాలానికి కరగించుకుంటుంది; అందుకనే ఈ ఆశ అంతా.

వారు వాడినవి నెఫిలా వర్గపు సాలెపురుగులు. వాటిలో కొన్నిటిని ఇప్పుడు ట్రైకోనెఫిలా అంటున్నారు. ఆ కుటుంబపు పెద్ద దానిని చూడడానికి జర్మనీ పోనక్కరలేదు. వానాకాలంలో బోరివలీ అడవికి వెళ్ళి చెట్ల నడుమ చూస్తే అరచేతంత ఆడ సాలెపురుగు, నలుపు మీద పసుపు గీతలతో, ఎండలో బంగారు జరీలా మెరిసే గూటి నడుమ కూర్చొని ఉంటుంది. ప్రక్కన చిన్న చీమంత దాని మగడు. వేలితో దారం కదిపి చూస్తే తెగకుండా సాగడం తెలుస్తుంది. బరువుకు బరువు తూచితే అది ఉక్కుతో పోటీపడే దారం.

అంత మంచి దారమైతే పట్టుపురుగులలాగా పెంచరాదా అని అడగవచ్చును. హిందూపురం సంతలో పట్టుగూళ్ళు బుట్టలకొద్దీ అమ్ముతారు గదా! పట్టుపురుగులు పక్కపక్కన కూర్చొని ఆకు తింటవి. సాలెపురుగులను ఒక బుట్టలో వేస్తే ఒకదానినొకటి తింటవి. 1709లో ఫ్రాన్సులో బాన్ అనే ఆయన సాలెపురుగు గూళ్ళతో మేజోళ్ళూ, చేతితొడుగులూ అల్లించి పండితసభకు చూపాడు. రేయోముర్ అనే శాస్త్రజ్ఞుడు లెక్క కట్టి, ఇది గిట్టుబాటు కాదని తేల్చాడు. మూడువందల ఏళ్ళ తరువాత మడగాస్కర్ దీవిలో సైమన్ పీర్స్, నికోలస్ గాడ్లీ అనే ఇద్దరు పట్టు వదలలేదు. కూలీలను పెట్టి అడవిలో సాలెపురుగులు పట్టించి, చేతి యంత్రంతో దారం లాగి, మళ్ళీ అడవిలో వదలిపెట్టించారు. పది లక్షలకు పైగా సాలెపురుగులు, నాలుగేళ్ళ పని, దానికి 2009లో వచ్చిన ఫలం ఒక్క గుడ్డ. రంగు వేయకుండానే బంగారు వన్నె. న్యూయార్కు ప్రదర్శనశాలలో జనం బారులు తీరి చూశారు. మన పోచంపల్లి నేతగానికి ఆ నూలు ఒక కండె ఇచ్చి ఏమి చేస్తాడో చూడవలెనని మాకు కోరిక.

గిట్టుబాటు కోసమే శాస్త్రజ్ఞులు వేరే దారులు త్రొక్కారు. కెనడాలో ఒక కంపెనీ సాలెపురుగు జన్యువును మేకలలో పెట్టి, పాలలో ఆ మాంసకృత్తు తీసింది. కంపెనీ తరువాత దివాలా తీసింది గాని ఆ మేకల సంతతిని అమెరికాలో విశ్వవిద్యాలయంవారు సాకారు. ఇప్పుడు ఎక్కువగా సూక్ష్మజీవుల చేతనే ఆ మాంసకృత్తు చేయిస్తున్నారు. నాటింగ్‌హామ్ వారు 2017లో అట్లా చేయించిన దారానికి లీవోఫ్లాక్సాసిన్ అనే మందును అంటించి, అయిదు రోజులకు తక్కువ కాకుండా మెల్లమెల్లగా విడుదలయ్యేట్లు చూపారు. గమనించారా? దారంలో మందు లేదు గనుక మందును దారానికి కట్టారు. ముసలమ్మ పొరకు పసుపు అద్దినట్లే. ఇంకా ఇవి మన మందుల షాపు దాకా రాలేదు.

పసుపు మాట వచ్చింది గనుక ఒక ముక్క. గాయానికి పసుపు వాడడం తమ కొత్త ఆలోచన అన్నట్లు 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయంవారి పేర పేటెంటు జారీ అయింది. మాషేల్కర్ గారి నాయకత్వాన మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపి వాదించి 1997లో దానిని రద్దు చేయించింది. మాషేల్కర్ గారు మనకు కూతవేటు దూరంలోని గిర్గాఁవ్‌లో పేదరికంలో పెరిగినవారు. ఆ వాదంలో గెలిపించినది వ్రాసి ఉంచిన కాగితం. మన చాళ్ళ ముసలమ్మల తెలివికి కాగితం లేదు. ఏ గూడు తీయాలి, ఏది ముట్టరాదు, ఎంతసేపు నొక్కాలి అన్న వివరం వారితోనే పోతున్నది. ఇంట్లో ఎనభై దాటిన అవ్వలు ఉన్నవారు అడిగి వ్రాసిపెట్టండి. మందుగా వాడడానికి కాదు, ఎవరైనా అడిగినప్పుడు చూపడానికి. ఊరి పేరు, ఏ మాటతో పిలిచేవారో ఆ మాట కూడా వ్రాయండి. మాకు పంపితే అచ్చు వేస్తాము.

ఇప్పుడు వేలు తెగితే ఏమి చేయాలో కూడా చెప్పి ముగిస్తాము. కొళాయి క్రింద ధారగా నీళ్ళు పోసి, సబ్బుతో చుట్టూ కడిగి, ఉతికిన గుడ్డ మడత పెట్టి పది నిమిషాలు నొక్కి పట్టాలి. చేయి గుండెకన్న ఎత్తున ఉంచాలి. కాఫీపొడి, సున్నం, పొగాకు ఏదీ పెట్టవద్దు. తరువాత కుట్లు వేయవలసి వస్తే వైద్యుడు వాటన్నిటినీ గీకి తీయాలి, ఆ బాధ ఎక్కువ. నెత్తురు ఆగకపోయినా, గాయం లోతుగా నోరు తెరచి ఉన్నా, త్రుప్పు పట్టిన మేకు దిగినా నాయర్ ఆస్పత్రికో, జె.జె.కో పోవాలి. ధనుర్వాతపు టీకా పదో ఏటా, పదహారో ఏటా పిల్లలకు బడిలోనే వేస్తారు. పెద్దలు చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ఆ మాట వైద్యునితో చెప్పాలి. కుక్క కరిస్తే కారం అద్దడం ఇంకా కొన్ని ఇండ్లలో ఉన్నది. మానండి, పావుగంట సబ్బునీళ్ళతో కడిగి వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి. చక్కెర జబ్బు ఉన్నవారు రాత్రి పడుకునే ముందు పాదాలు రెండూ దీపం వెలుతురులో చూసుకోవాలి, వంగలేనివారు మనుమలను చూడమనాలి.

దసరాకు ముందు బూజు దులిపే వారు ఎప్పటిలాగే దులపవచ్చు. ఆ నేతగాళ్ళు రెండు రోజులలో మళ్ళీ మగ్గం వేస్తారు.